చీరల ఫోటోలు ఫోల్డర్‌లో వేస్తే సైట్‌లో గ్యాలరీ దానంతటదే రావాలి, సర్వర్‌లో మాత్రం రచ్చ రచ్చగా ఉంది

చిక్‌పేట చిన్నోడు:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా నేను డెవలపర్‌ని కాదు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో టెస్టింగ్ జాబ్, పీహెచ్‌పీ అంటే కాలేజీలో ప్రాజెక్టు కోసం నేర్చుకున్నంతే, కాబట్టి తిట్టాలనిపిస్తే కొంచెం మెల్లగా తిట్టండి.

మా బావకి చిక్‌పేటలో చీరల షాపుంది. పెద్దదేం కాదు, ఇరుకు మెట్లెక్కి పైకెళ్తే ఒక గది, గోడలకి మూడు వైపులా బీరువాలు, నేల మీద తెల్ల పరుపు. ధర్మవరం, ఉప్పాడ, మంగళగిరి, వెంకటగిరి, గద్వాల్ ఇవే ఎక్కువ. పోయిన దసరాకి నేనే ఉత్సాహపడి వెబ్‌సైట్ చేసిస్తా బావా అన్నా, చేసిచ్చా కూడా. అప్పట్నుంచి శనివారం వచ్చిందంటే నా పని ఏంటంటే బావ వాట్సాప్‌లో పంపిన యాభై అరవై ఫోటోలు దించుకుని, సైజు తగ్గించి, పేర్లు మార్చి, హెచ్‌టీఎంఎల్‌లో ఒక్కో లైను పేస్ట్ చేసి సర్వర్‌కి ఎక్కించడం. మొన్న అక్క ఫోన్ చేసి "ఒరేయ్, అమ్ముడైపోయిన చీర ఇంకా సైట్‌లో పెట్టుకుని కూర్చున్నావు, హోసూరు నుంచి ఒకావిడ బస్సెక్కి వచ్చి అదే కావాలని పరుపు మీద నుంచి లేవట్లేదు" అని ఫుల్ క్లాసు పీకింది. దాంతో ఇంక దీన్ని ఆటోమేటిక్ చేసెయ్యాలని ఫిక్స్ అయ్యా.

నేను చేసిందేంటంటే, షాపులో కుర్రాడు ఫోన్‌లోంచి ఎఫ్‌టీపీ యాప్‌తో ఫోటోలు నేరుగా సర్వర్‌లో ఫోల్డర్‌లో వేస్తాడు, ఒక్కో రకం చీరకి ఒక్కో ఫోల్డర్. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు పీహెచ్‌పీ ఆ ఫోల్డర్ చదివి, థంబ్‌నెయిల్ (చిన్న సైజు కాపీ) లేని ఫోటో ఏదైనా ఉంటే అప్పటికప్పుడు జీడీతో (పీహెచ్‌పీలో ఫోటోల పని చేసే లైబ్రరీ) చేసేసి, అన్నీ వరసగా గ్రిడ్‌లో చూపిస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద పెట్టి చూస్తే అద్భుతంగా వచ్చింది, నా మీద నాకే గౌరవం పెరిగింది. హోస్టింగ్‌కి ఎక్కించాక మొదలయ్యాయి తిప్పలు.

ఫోల్డర్లలో మొత్తం 380 ఫోటోలుంటే పేజీల్లో 210 దాకా మాత్రమే కనిపిస్తున్నాయి, మిగతావి ఏమైపోయాయో తెలీదు. కనిపించేవాటిల్లో కొన్ని పక్కకి పడుకుని ఉన్నాయి, నిలువుగా వేలాడదీసి తీసిన చీర అడ్డంగా పడింది, కానీ దాని మీద నొక్కితే పెద్ద ఫోటో మాత్రం శుభ్రంగా నిటారుగా వస్తోంది, ఇదేం మాయో. ఇంకో పది పదిహేను ఫోటోలకి పైసగం బాగుంది కింద సగం బూడిద రంగు. కొత్త స్టాకు దిగిన రోజైతే పేజీ అసలు తెరుచుకోదు, తెల్లగా అలాగే ఉండిపోతుంది. వీటన్నిటికంటే బావకి మండేది ఏంటంటే రంగు. మిరపపండు ఎరుపు చీర థంబ్‌నెయిల్‌లో ఇటుక రంగులా కనిపిస్తోంది, అదీ అన్నీ కాదు, కొన్నే.

ఇంకో డౌటు, దీనికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టాలా? లేక ఫైలు పేరులోనే కోడు, కొన్న ధర, అమ్మే ధర రాసేసి అక్కడ్నుంచి చదివించుకోవచ్చా? బావకి అది ఈజీ అంటున్నాడు.


సిల్క్‌బోర్డ్ బాధితుడు:

బ్రో ఇంత కష్టం ఎందుకు, వర్డ్‌ప్రెస్ వేసెయ్. గ్యాలరీ అనేది దాంట్లో 2008లో 2.5 వెర్షన్ నుంచే ఉంది, థంబ్‌నెయిల్ అదే చేసుకుంటుంది, తిప్పడం కూడా అదే చూసుకుంటుంది, లేజీ లోడింగ్ (పేజీ అక్కడిదాకా జరిపినప్పుడే ఫోటో దించడం) 2020 నుంచి దానంతటదే వస్తుంది. ఫోన్‌లో యాప్ కూడా ఉంది, కుర్రాడు అందులోంచి ఎక్కిస్తాడు. నువ్వు శనివారాలు హాయిగా పడుకోవచ్చు. నేను ట్రాఫిక్‌లో ఉండి టైప్ చేస్తున్నా, తప్పులుంటే క్షమించు, ఇంకో గంట ఇక్కడే ఉంటా కాబట్టి డౌట్లుంటే అడుగు.


చిక్‌పేట చిన్నోడు:

అన్నా అది చూశా. మొదట వర్డ్‌ప్రెస్సే పెట్టా. ఒక్క ఫోటో ఎక్కిస్తే 150, 300, 768, 1024, 1536, 2048 అని ఆరు సైజులు, దానికి తోడు 2560కి తగ్గించిన కాపీ ఒకటి, ఒరిజినల్ ఒకటి, మొత్తం ఎనిమిది ఫైళ్ళు తయారవుతున్నాయి. మాది చవక హోస్టింగ్, ఫైళ్ళ సంఖ్యకి లిమిట్ ఉంది. సైజులు ఆపుకోవచ్చని తర్వాత తెలిసింది, కానీ అసలు సమస్య అది కాదు, మా కుర్రాడు లాగిన్ అయ్యి, మీడియాలో ఎక్కించి, మళ్ళీ పేజీలోకెళ్ళి గ్యాలరీలో కలిపి, అప్‌డేట్ నొక్కి... అంత చెయ్యడు. వాడికి ఫోల్డర్‌లో పడెయ్యడం ఒక్కటే వచ్చు. పడేస్తే రావాలి, తీసేస్తే పోవాలి.


కోరమంగళ కోడి:

ఇప్పుడు నువ్వు చెప్పిన ఈ చివరి లైనే అసలు స్పెసిఫికేషన్. పడేస్తే రావాలి తీసేస్తే పోవాలి. దాన్ని పట్టుకుని చెప్తా, కొంచెం పెద్దది అవుతుంది, టీ తెచ్చుకో.

నీ ఐడియా బానే ఉంది, పని చేసే టైమే తేడా. పేజీ తెరిచినప్పుడు థంబ్‌నెయిల్ చెయ్యడం అంటే, పంక్తిలో విస్తళ్ళు వేసి జనాన్ని కూర్చోబెట్టాక లోపలికెళ్ళి కూరగాయలు తరగడం మొదలుపెట్టినట్టు. ఇద్దరు ముగ్గురు కొత్త చుట్టాలైతే నడుస్తుంది, అరవై మంది వస్తే నడవదు. నీ తెల్ల పేజీకి కారణం అదే. చూడు, ఫోటో ఫైలు 4 ఎంబీయే కదా అనుకుంటాం. జేపీజీ అంటే మడతపెట్టిన చీర లాంటిది, బీరువాలో వంద పడతాయి, కానీ విప్పి పరిస్తే గదంతా కావాలి. జీడీ ఫోటోని విప్పి మెమరీలో పరిచినప్పుడు ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు తీసుకుంటుంది. 4000 బై 3000 ఫోటో అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళు, అంటే 48 ఎంబీ. మీ కుర్రాడు ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ మోడ్ ఆన్ చేసి పెట్టుకున్నాడనుకో, ఒక్క ఫోటోకే 200 ఎంబీ. పీహెచ్‌పీకి మామూలుగా ఇచ్చే మెమరీ 128 ఎంబీ, టైం 30 సెకన్లు. అది మధ్యలో చచ్చిపోతుంది, ఎర్రర్ చూపించడం ఆఫ్ చేసి ఉంటారు కాబట్టి నీకు తెల్ల పేజీ కనిపిస్తుంది. ఎర్రర్ లాగ్ తెరిచి చూడు, అందులో మెమరీ అయిపోయింది అనే లైనో టైం అయిపోయింది అనే లైనో ఉంటుంది, పందెం.

కాబట్టి థంబ్‌నెయిల్ పని పేజీలోంచి పూర్తిగా తీసెయ్. వేరే స్క్రిప్ట్ రాసి సీప్యానెల్‌లో (హోస్టింగ్ సెట్టింగ్స్ పేజీ) క్రాన్ జాబ్ పెట్టు, అంటే టైం ప్రకారం దానంతటదే నడిచే పని, పది నిమిషాలకోసారి నడవనీ, ఒక్క విడతలో 20 ఫోటోల కంటే ముట్టుకోవద్దు. ముందు విడత ఇంకా నడుస్తుంటే రెండోది మొదలవ్వకుండా ఒక లాక్ ఫైలు పెట్టు, లేదంటే రెండూ ఒకే ఫోటో మీద పడి కొట్టుకుంటాయి. పేజీ చేసే పని ఒక్కటే ఉండాలి, తయారైన థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ చదివి చూపించడం.

సగం ఫోటోలు కనిపించకపోవడం అయితే చూడకుండా చెప్పేస్తా. నువ్వు ఫోల్డర్‌లో ఫైళ్ళు వెతికే గ్లోబ్ ఫంక్షన్‌లో చిన్నక్షరాల జేపీజీ అని రాసుంటావు. కొన్ని ఫోన్లు, దాదాపు పెద్ద కెమెరాలన్నీ ఎక్స్‌టెన్షన్‌ని పెద్దక్షరాల్లో పెడతాయి. విండోస్‌కి రెండూ ఒకటే, లైనక్స్‌కి కాదు. అందుకే ల్యాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి, సర్వర్‌లో సగం మాయం. ఫోల్డర్ మొత్తం చదివేసి, ఎక్స్‌టెన్షన్‌ని చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చు. దాంతో పాటు బావది ఐఫోన్ అయితే హెచ్ఈఐసీ ఫైళ్ళు కూడా ఉంటాయి, 2017లో ఐఓఎస్ 11 నుంచి అదే డిఫాల్ట్. క్రోమ్ దాన్ని చూపించదు, జీడీ తెరవదు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ లోకెళ్ళి మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టమను, అప్పట్నుంచి జేపీజీలే వస్తాయి. పాతవాటిని ఒకసారి కన్వర్ట్ చేసుకో.

పడుకున్న ఫోటోల సంగతి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా సెన్సర్ అడ్డంగానే రాసుకుంటుంది చాలాసార్లు, రాసుకుని ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్లోనే దాగి ఉండే వివరాలు) ఓరియెంటేషన్ అనే ఒక నంబర్ పెడుతుంది, 1 నుంచి 8 దాకా ఏదో ఒకటి. 6 ఉంటే "చూపించేటప్పుడు కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పు నాయనా" అని అర్థం. బ్రౌజర్ పెద్ద ఫోటోలో ఆ నంబర్ చదివి తిప్పి చూపిస్తుంది. జీడీ ఆ నంబర్‌ని పట్టించుకోదు, థంబ్‌నెయిల్‌లోకి రాయదు కూడా. అందుకే చిన్నది పడుకుంటుంది, పెద్దది నిలబడుతుంది. మాయేం లేదు.

బూడిద రంగు: ఎఫ్‌టీపీలో ఫైలు ఎక్కుతూ ఉండగానే ఫోల్డర్‌లో కనిపిస్తుంది. కుర్రాడు 4 ఎంబీ ఫైలు ఎక్కిస్తుంటే 2 ఎంబీ చేరేసరికి ఎవరో పేజీ తెరిచారు, నీ కోడు ఆ సగం ఫోటోకే థంబ్‌నెయిల్ చేసేసింది, రాని సగాన్ని బూడిదతో నింపేసింది. తర్వాత ఫోటో పూర్తిగా వచ్చినా థంబ్‌నెయిల్ ఉంది కదా అని మళ్ళీ ముట్టుకోలేదు. క్రాన్ స్క్రిప్ట్‌లో ఒక రూలు పెట్టు, ఫైలు చివరిసారి మారి రెండు నిమిషాలు దాటితేనే తీసుకోవాలి. ఇంకోటి, థంబ్‌నెయిల్ ఉందా లేదా అని మాత్రమే కాదు, ఒరిజినల్ దానికంటే కొత్తదా అని కూడా చూడు.

డేటాబేస్ వద్దు. 380 ఫోటోలకి మైఎస్‌క్యూఎల్ అంటే ఎదురింటికి వెళ్ళడానికి ఓలా బుక్ చేసినట్టు. కానీ ధర ఫైలు పేరులో పెట్టడం మాత్రం చచ్చినా చెయ్యొద్దు! ఫైలు పేరు అంటే అడ్రసు, ఫోటో మీద నొక్కి పట్టుకుంటే ఎవడికైనా కనిపిస్తుంది. కొన్న ధర అందులో ఉంటే మీ బావ ఇంక బేరం ఆడక్కర్లేదు, కస్టమరే చెప్తుంది ఎంతకి ఇవ్వాలో 😄 ఒక్కో ఫోల్డర్‌లో ఒక సీఎస్‌వీ (కామాలతో రాసే పట్టిక ఫైలు) పెట్టు, కోడు, రకం, అమ్మే ధర అంతే. కొన్న ధర సర్వర్ దాకా రాకూడదు అసలు.

రంగు గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉన్నారిక్కడ.


ఫిల్టర్ కాఫీ డబుల్ స్ట్రాంగ్:

నన్నే అన్నావని అర్థమైంది కోడీ. నేను చెన్నైలో, టీ నగర్ షాపులకి కేటలాగ్ ఫోటోలు తీస్తా, కాబట్టి చీర రంగు మీద తిట్లు తినడంలో నాకు మంచి అనుభవం.

చిన్నోడూ, రంగు పోయినవన్నీ మీ బావ ఐఫోన్‌లో తీసినవేనా, కుర్రాడి ఫోన్‌లో తీసినవి బాగున్నాయా? ఒకసారి చూడు. అవును అయితే కారణం ఇది. ఐఫోన్ 7 దగ్గర్నుంచి, అంటే 2016 నుంచి, ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే కలర్ ప్రొఫైల్‌లో ఉంటాయి. మామూలు వెబ్ రంగులు ఎస్‌ఆర్‌జీబీ, పీ3 దానికంటే వెడల్పు, ఎరుపులూ పచ్చలూ ఇంకా గాఢంగా పట్టుకోగలదు. ఫోటోలో ఉన్న అంకెలు ఏ కొలతతో రాశారో చెప్పేది ఆ ప్రొఫైల్. థంబ్‌నెయిల్ చేసేటప్పుడు ప్రొఫైల్ పారేసి అంకెలు మాత్రం అలాగే ఉంచేస్తే బ్రౌజర్ వాటిని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. గజాల్లో కొలిచిన గుడ్డని మీటర్లు అనుకున్నట్టు, కొలత మారితే లెక్క మారదా మరి. ఎరుపు వెలిసిపోతుంది. రాణీ పింక్, చిలకపచ్చ మీద ఇంకా తెలుస్తుంది. తెల్ల మంగళగిరి మీద ఏం తెలీదు, అందుకే కొన్నే అనిపిస్తున్నాయి నీకు.

జీడీని వదిలేసి ఇమేజ్‌మ్యాజిక్ అనే ఇంకో ఫోటో టూల్‌కి రా, చాలా హోస్టింగుల్లో ఇమేజిక్ అనే ఎక్స్‌టెన్షన్‌గా ఉంటుంది, సీప్యానెల్‌లో టిక్ పెడితే చాలు. వరస మాత్రం జాగ్రత్త, ముందు ఓరియెంటేషన్ చూసి తిప్పాలి, తర్వాత ప్రొఫైల్ చూసి ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాలి, తర్వాత సైజు తగ్గించాలి, అన్నీ అయ్యాక చివర్లోనే స్ట్రిప్ చెయ్యాలి. స్ట్రిప్ అంటే ఫోటోకి అతికించి ఉన్న సమాచారం అంతా పీకేస్తుంది, ఓరియెంటేషన్ నంబరూ ప్రొఫైలూ అన్నీ. అది ముందు చేశావో, మళ్ళీ చీర పడుకుంటుంది, మళ్ళీ ఎరుపు ఇటుకవుతుంది. నేను మొదట్లో ఇదే తప్పు చేసి ఒక కంచిపట్టు కేటలాగ్ మొత్తం రెండోసారి చేసిచ్చా, డబ్బులు ఒకసారికే ఇచ్చారు.

అయితే ఒకటి, షాపులో ట్యూబ్‌లైట్ కింద పసుప్పచ్చగా తీసిన ఫోటోని ఏ స్క్రిప్టూ బాగుచెయ్యదు. మీ గదికి కిటికీ ఉంటే పగటి పూట అక్కడే తియ్యమను, చీర పక్కన తెల్ల కాగితం పెట్టి చూసుకుంటే కాగితం తెల్లగా కనిపిస్తోందా లేదా అన్నది కుర్రాడికి కూడా అర్థమవుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపించుకోవద్దు, అది కుదించేస్తుంది, జరీ పోగు పిండిపిండి అయిపోతుంది, ఎగ్జిఫ్ కూడా ఉండదు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపమను.

ఇంకో మాట, నువ్వు అడగలేదు కానీ సైట్ చూశా. నీ గ్రిడ్‌లో అన్నీ చతురస్రాలు, సీఎస్ఎస్‌లో ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ (పెట్టె నిండేలా ఫోటోని కోసేది) పెట్టినట్టున్నావు. చూడ్డానికి వరసగా నీటుగా ఉంది, కానీ నిలువు ఫోటోకి పైనా కిందా కోసేస్తోంది. చీరలో అక్కడే కదయ్యా అంచు ఉండేది! ఉప్పాడ చీరకి మామిడిపిందెల అంచు కింద పోయింది, గద్వాల్‌కి గుడి అంచు పోయింది, మిగిలింది మధ్యలో ఒంటిరంగు. ఆడవాళ్ళు ముందు చూసేది అంచూ కొంగూ. నిష్పత్తి 3కి 4 పెట్టి నిలువు పెట్టెలు చెయ్, ఫోటో మొత్తం పట్టేలా ఫిట్‌ని కంటైన్ అని మార్చు, చుట్టూ ఖాళీ వస్తే లేత గోధుమ రంగు నింపు. అప్పుడు మీ అక్క ఇంకో క్లాసు పీకకుండా ఉంటుంది.


పాత పికాసా:

ఏమప్పా, ఇదంతా చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చినాయి. గూగుల్ వాళ్ళ ఫోటో సాఫ్ట్‌వేర్ పికాసాలో ఫోల్డర్ సెలెక్ట్ చేసి హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ నొక్కితే గ్యాలరీ మొత్తం తయారై కూర్చునేది, ఎఫ్‌టీపీలో ఎక్కించేస్తే అయిపోయేది. 2016లో దాన్ని మూసేసినారు, నా పేరు మాత్రం మిగిలింది.

ఎవరైనా గూగుల్ ఫోటోస్ ఆల్బం నుంచి లాగు అని సలహా ఇస్తారేమో, ముందే చెప్తున్నా ఆ దారి ఇప్పుడు కుదరదు. 2025 మార్చి 31 నుంచి బయటి యాప్ దానంతటది తను ఎక్కించిన ఫోటోల్నే చదవగలదు, నువ్వు మామూలుగా పెట్టుకున్న ఆల్బం కాదు. అది వచ్చినా గూగుల్ ఆ యాప్‌కి ఇచ్చే ఫోటో లింకు 60 నిమిషాలే బతుకుతుంది.

నేను చెప్పాలనుకున్నది వేరే. మీ బావ చీరలు ఎక్కడ కొంటాడు? ధర్మవరంలోనో వెంకటగిరిలోనో నేతగాడి ఇంటి దగ్గరికే వెళ్ళి, మగ్గం పక్కనే నిలబడి ఫోటో తీసుకుంటాడు కదా? ఆ ఫోటోలో జీపీఎస్ ఉంటుంది. నువ్వు పెద్ద ఫోటోగా ఒరిజినల్‌నే చూపిస్తున్నావు. చిక్‌పేటలో పక్క షాపోడు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే ఏ ఊళ్ళో ఏ వీధిలో ఏ ఇంటి ముందు తీసినారో మ్యాప్‌లో చుక్క పడుతుంది. సరుకు ఎక్కడ్నుంచి తెస్తున్నామో వ్యాపారంలో ఎవరైనా చెప్తారా, మీరు వెబ్‌సైట్‌లో పెట్టి ఉచితంగా పంచుతున్నారు!

అందుకని ఒరిజినల్స్ ఫోల్డర్‌ని పబ్లిక్ ఫోల్డర్ బయటికి జరుపు, బ్రౌజర్‌కి అందకూడదు. జనానికి చూపించేది రెండు సైజులే, 480 వెడల్పుది గ్రిడ్‌కి, 1600 ది నొక్కినప్పుడు, రెండూ స్ట్రిప్ చేసినవి. ఒరిజినల్ మీద ఏ స్క్రిప్టూ రాయకూడదు, చదవడమే. ఇమేజ్‌మ్యాజిక్‌లో మోగ్రిఫై అని ఒక కమాండ్ ఉంది, దాని జోలికి పోవద్దు, అది ఉన్న ఫైలు మీదే తిరిగి రాసేస్తుంది. నేను మా అన్న కూతురి పెళ్ళి ఫోటోలు 600 అలా 200 పిక్సెళ్ళకి దించేసినా ఒక అర్ధరాత్రి. మా వదిన ఇప్పటికీ నాకు రెండో కాఫీ పొయ్యదు.

ఫోల్డర్లకి తెలుగు పేర్లు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, నడుస్తుంది, కానీ ఒక్కో తెలుగు యూనికోడ్ అక్షరం 3 బైట్లు, లింకులో అది శాతం గుర్తులతో 9 అక్షరాలవుతుంది. మంగళగిరి అనే పేరు గుణింతాలతో కలిపి 8, అంటే లింకులో 72. వాట్సాప్‌లో షేర్ చేస్తే చాంతాడంత వస్తుంది, చూసినోళ్ళు వైరస్ అనుకుంటారు. ఫోల్డర్ పేరు ఇంగ్లీషులో చిన్నగా పెట్టి, సీఎస్‌వీలో తెలుగు పేరు రాసి అది చూపించు.


సిల్క్‌బోర్డ్ బాధితుడు:

ఇంటికి చేరా. చదివా. వర్డ్‌ప్రెస్ మాట వెనక్కి తీసుకుంటున్నా. జీపీఎస్ పాయింట్ చూశాక మా అపార్ట్‌మెంట్ సైట్‌లో పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ ఫోటోలు గుర్తొచ్చాయి, ఇప్పుడే వెళ్ళి తీసేస్తున్నా.


చిక్‌పేట చిన్నోడు:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, సారీ, ఆఫీసులో రిలీజ్ ఉండింది.

కోడి అన్న చెప్పినట్టే ఎక్స్‌టెన్షన్ పెద్దక్షరాలే, అది సరిచేశాక 380కి 361 కనిపించాయి, మిగతా 19 హెచ్ఈఐసీ. ఎర్రర్ లాగ్‌లో మెమరీ లైను వరసగా నలభై సార్లు ఉంది, పందెం నువ్వే గెలిచావు. రంగు పోయినవన్నీ బావ ఫోన్‌వే, ఒక్కటి కూడా కుర్రాడిది కాదు. ఇమేజిక్ ఆన్ చేసి ఫిల్టర్ కాఫీ అక్క చెప్పిన వరసలో పెట్టా, మిరపపండు మళ్ళీ మిరపపండు అయింది. బావ షాపులో చీర చేతిలో పట్టుకుని ఫోన్ పక్కన పెట్టి చూసి "ఆఁ, ఇదీ" అన్నాడు, ఆయన దగ్గర్నుంచి అది చాలా పెద్ద మాట. జీపీఎస్ సంగతి చెప్తే మాత్రం మొహం మారిపోయింది, ఆ రాత్రికి రాత్రే పాత ఒరిజినల్స్ అన్నీ లోపలికి జరిపించాడు నాచేత.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. తీసేస్తే పోవాలి కదా, అందుకని స్క్రిప్ట్‌లో ఒరిజినల్ లేని థంబ్‌నెయిల్ కనిపిస్తే చెరిపెయ్ అని రాశా. బాగా పనిచేసింది. బుధవారం పొద్దున ఒరిజినల్స్ ఫోల్డర్‌కి మంచి పేరు పెడదామని మార్చా, స్క్రిప్ట్‌లో దారి మార్చడం మర్చిపోయా. స్క్రిప్ట్ వెళ్ళి చూసింది, ఒరిజినల్ ఒక్కటీ కనపడలేదు, ఆహా షాపు ఖాళీ అయిపోయింది చీరలన్నీ అమ్ముడైపోయాయి అనుకుని మొత్తం గ్యాలరీ చెరిపేసి కూర్చుంది. పదిన్నరకి బావ ఫోన్. "సైట్‌లో ఒక్క చీర లేదేంట్రా, దొంగలు పడ్డారా" అని. ఒరిజినల్స్ భద్రంగా ఉన్నాయి కాబట్టి బతికిపోయా, దారి సరిచేస్తే అవే మళ్ళీ తయారయ్యాయి, కానీ విడతకి 20 చొప్పున 380 అంటే 19 విడతలు, పది నిమిషాలకొకటి, మూడు గంటల పైనే పట్టింది. అంతసేపూ బావ పది నిమిషాలకోసారి ఫోన్ చేసి "ఇరవై వచ్చాయి", "ఇంకో ఇరవై వచ్చాయి" అని నాకే రిపోర్ట్ ఇస్తున్నాడు, నేను మీటింగ్‌లో.

ఇప్పుడు ఒక అడ్డు పెట్టా, ఫోల్డర్ ఖాళీగా ఉన్నా, ఒకే విడతలో పదికంటే ఎక్కువ చెరపాల్సి వచ్చినా ఏమీ ముట్టుకోకుండా నాకు మెయిల్ కొట్టి ఆగిపోతుంది. కుర్రాడికి కూడా డిలీట్ చెయ్యొద్దు, అమ్మినవి అనే ఫోల్డర్‌లోకి జరుపు చాలు అని చెప్పా, ఎందుకంటే అలాంటిదే ఇంకోటి నేయించగలరా అని అడిగేవాళ్ళకి చూపించడానికి బావకి అవి కావాలంట.

ఇంకా రెండు మిగిలాయి. బావ ఒక చీర ఫోటో బాలేదని అదే పేరుతో కొత్తది ఎక్కించాడు, సర్వర్‌లో కొత్తదే ఉంది కానీ ఆయన ఫోన్‌లో పాతదే వస్తోంది. రెండోది, కొత్త స్టాకు పైన రావాలి. ఫైలు తేదీ ప్రకారం పెడితే నేను ఫోల్డర్ కాపీ చేసిన రోజు అన్నిటికీ అదే తేదీ పడిపోయింది. పేరు ప్రకారం పెడితే 2 కంటే ముందు 10 వస్తోంది.


కోరమంగళ కోడి:

ఖాళీ ఫోల్డర్ దెబ్బ నేనూ తిన్నా, నాది క్లయింట్ సైటు, అంతకంటే చెప్పను.

పాత ఫోటో వచ్చేది ఫోన్‌లో బ్రౌజర్ దాచుకున్నది. పేరు మారలేదు కాబట్టి మళ్ళీ అడగదు. థంబ్‌నెయిల్ లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి ఆ ఫైలు మారిన టైంని అంకెగా తగిలించు, ఫైలు మారితే లింకు మారుతుంది, బ్రౌజర్ కొత్తది తెచ్చుకుంటుంది. మారకపోతే దాచుకున్నదే వాడుతుంది, డేటా ఖర్చు లేదు.

కొత్తవి పైన రావడానికి ఫైలు తేదీని నమ్మొద్దు, ఎగ్జిఫ్ తేదీని కూడా పూర్తిగా నమ్మొద్దు, వాట్సాప్‌లోంచి వచ్చినవాటికి అదుండదు. స్క్రిప్ట్ ఒక ఫోటోని మొదటిసారి చూసినప్పుడు పేరూ ఆ రోజు తేదీ ఒక టెక్స్ట్ ఫైల్లో ఒక లైను రాసుకోనీ. మీ షాపుకి సంబంధించినంత వరకు కొత్తది అంటే మీ సైట్‌కి ఎప్పుడొచ్చింది అనేదే కదా, ఫోటో ఎప్పుడు తీశారన్నది ఎవడికి కావాలి. ఆ ఫైలుని థంబ్‌నెయిల్స్ ఫోల్డర్‌లో కాకుండా బయట పెట్టు, ఇంకోసారి గ్యాలరీ చెరిపేసినా తేదీలు మిగులుతాయి. ఒకే రోజు వచ్చినవాటి మధ్య వరసకి పీహెచ్‌పీలో నాట్‌సార్ట్ అనే ఫంక్షన్ వాడు, 2 తర్వాత 10 వస్తుంది.

లేజీ లోడింగ్ పెట్టేటప్పుడు పై వరసకి పెట్టొద్దు, కింద వాటికే. ఒక్కో ఇమేజ్ ట్యాగ్‌లో వెడల్పు ఎత్తు కచ్చితంగా రాయి, లేదంటే ఫోటోలు దిగుతున్నకొద్దీ పేజీ కిందకి జరిగి, ఎవరో వెంకటగిరి మీద నొక్కబోతే ధర్మవరం తెరుచుకుంటుంది.


ఫిల్టర్ కాఫీ డబుల్ స్ట్రాంగ్:

ఇప్పుడే మళ్ళీ సైట్ చూశా, అంచులన్నీ వచ్చాయి, బాగుంది. ఆ వంకాయరంగు గద్వాల్, మూడో వరసలో రెండోది, అది ఉందా అమ్ముడైందా?


చిక్‌పేట చిన్నోడు:

అక్కా ఇప్పుడే బావని అడిగా. ఉందంట. పక్కన పెట్టమన్నా.